బూజుకు చక్కెర పోసినాయన

ఒమన్ దేశంలో సైన్సుకు పునాదిరాయి వేసింది నేనే.

ఈ మాట పెళ్ళి పందిళ్ళలో అన్నాను, పొద్దున పార్కులో నాతో నడిచే రిటైర్డు పెద్దమనుషుల దగ్గర అన్నాను, పన్ను పీకడానికి కూర్చోబెట్టిన డాక్టరుతో కూడా అన్నాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇప్పుడు కొంచెం తగ్గించాలి. మస్కట్ అవతల, రాతికొండల మధ్య కొత్తగా కట్టిన ఒక కాలేజీలో, జీవశాస్త్రం ల్యాబులో పదకొండేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. పునాదిరాయి నేను వేయలేదు. నేను వెళ్ళేసరికి గోడలు లేచి ఉన్నాయి, రంగు మాత్రం ఆరలేదు.

ఆ పదకొండేళ్ళ గురించి నేను అందరికీ చెప్పే కథ ఒకటుంది. మా ల్యాబులో సీసాలు కడిగే ఒకాయన ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. మేము ఒక రకం జిగురు బూజును పెంచి, ప్రయోగం కోసం దానికి తిండి ఆపేసేవాళ్ళం. ఒక శుక్రవారం ఎవరూ లేని సమయంలో ఈయన ఆ బూజును చూసి, "అయ్యో, గిన్ని పానాలు ఉపాసమున్నయి" అని జాలిపడి, తన టీ కోసం దాచుకున్న చక్కెర రెండు చెంచాలు దాని మీద చల్లాడు. దాంతో మా ల్యాబు నడిపే పీహెచ్‌డీ డాక్టరుగారి మూడు నెలల పని గంగలో కలిసింది. ఆయన యాస పట్టి, చెంచా పట్టినట్టు చెయ్యి వణికిస్తూ చెబుతాను. నవ్వని మనిషిని ఇంతవరకు చూడలేదు.

పోయిన నెల, ఆ రోజుల్లో మస్కట్ పక్కన అమెరాత్‌లో నాతో ఒకే రూమ్‌లో ఉన్న పాత స్నేహితుడు ఫోన్‌కు మెసేజ్ పెట్టాడు. "మీ చక్కెరాయన పోయాడట." పక్కన ఒక నవ్వుబొమ్మ, ఒక దండం బొమ్మ. ఏది ముందు పెట్టాలో వాడికి తెలియలేదు పాపం. ఆయన అసలు పేరు కూడా వాడికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. ఇన్నేళ్ళు నా నోట్లో పడి ఆ మనిషి నలిగింది చాలు.

ఆయన దేని మీదా చక్కెర చల్లలేదు. ముందు అది చెప్పాలి.

పొట్టి మనిషి. ముందుకు వంగిన మెడ. కంపెనీ ఇచ్చిన నీలం కోటు మోకాళ్ళ దాకా వచ్చేది. చేతులు రెండు మడతలు మడిచి తొడిగేవాడు. ల్యాబుకు రాకముందు సైట్‌లో రెండేళ్ళు సిమెంటు మోశాడు. ఒక జూన్‌లో ఎండదెబ్బ తగిలి పడిపోతే, ఇంకోసారి అలాంటి ఎండలో పనిచేస్తే దక్కవని ఆసుపత్రిలో చెప్పారట. ఆయన కంపెనీ కట్టడాలకూ క్లీనింగుకూ అన్నిటికీ మనుషులను సప్లై చేసేది. ఏ కళన ఉన్నారో గానీ ఆయన్ని మా ల్యాబుకు మార్చారు. మాకు అది ఉద్యోగం. ఆయనకు అది ప్రాణం.

పొద్దున తలుపు తీయగానే ఏసీ గాలి మొహానికి తగిలేది. కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం గడపలోనే నిలబడేవాడు.

"ఏమయ్యా, దండం పెడుతున్నావా?" అంటే,

"పెట్టొద్దా సారూ? మా ఊరి గుళ్ళె గూడ గింత సల్లగుండది" అనేవాడు.

సీసాలు కడగడం ఆయన దగ్గర ఒక తంతు. సబ్బుతో ఒకసారి, పంపు నీళ్ళతో మూడుసార్లు, డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు. లెక్క పైకే అనేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పిందని మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఆయన్ని పలకరించడం నాకు సరదా. కడిగాక ప్రతి ఫ్లాస్కునూ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి తిప్పేవాడు. నీళ్ళు గాజు మీద పలచటి పొరలా జారిపోతే శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్క కట్టి ఆగితే కాదన్నట్టు. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. ఆయనకు ఎవరూ చెప్పలేదు, చూసి చూసి పట్టుకున్నాడు.

"మురికి లేకపోతె నీళ్ళ సుక్కకు నిలవడానికి జాగ యాడిది సారూ?"

నేను కడిగిన సీసాలను కూడా నాకు తెలియకుండా మళ్ళీ కడిగేవాడు. ఒకసారి పట్టుకున్నాను. "మీరు కడిగినయి మంచిగనే ఉన్నయి సారూ. నేను ఉత్తగ తడుపుతున్న" అన్నాడు, మొహంలో చిన్న నవ్వు కూడా లేకుండా.

టీలో అయిదు చెంచాల చక్కెర. అది మాత్రం నిజం. మంచి అబద్ధానికి ఇలాంటి నిజం ఒకటి చాలు.

మా ల్యాబు పెద్ద ఒక సూడానీ డాక్టరు. నెమ్మదస్తుడు, తాడిచెట్టంత మనిషి. ఆయనకు ఇంగ్లీషు, అరబ్బీ వచ్చు. సీసాలాయనకు తెలుగు, సైట్‌లో నేర్చిన నాలుగు హిందీ ముక్కలు వచ్చు. ఇద్దరి మధ్యా నేను. డాక్టరు మాట ఆయనకూ, ఆయన మాట డాక్టరుకూ నా నోటిగుండా పోవలసిందే. ఇది గుర్తుంచుకోండి.

ఒకరోజు మధ్యాహ్నం సీసాలాయన మైక్రోస్కోపు దగ్గర తచ్చాడుతుంటే, రమ్మని చూపించాను.

"ఏంది సారూ గివి? దుమ్మా?"

"జీవులయ్యా. ఒక్కొక్కటి ఒక్కొక్క కణం. తిండి ఉన్నంతకాలం దేని దారి దానిది. తిండి అయిపోయిందా, ఒకదాన్నొకటి పిలుచుకుని లక్ష కణాలు ఒక్కచోట గుంపు కడతాయి. ఆ గుంపంతా కలిసి ఒకే పురుగులా పాకుతుంది, వెలుగు వైపు. చివరికి కొన్ని కణాలు చచ్చి కాడ అవుతాయి, మిగిలినవి ఆ కాడ ఎక్కి పైన గింజలవుతాయి. అంతా ఒక్క రోజులో."

చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక అన్నాడు: "మా ఊళ్ళె కరువొచ్చినప్పుడు మేం గూడ గిట్లనే సారూ. గుంపు గట్టి బొంబాయి బస్సెక్కినం."

డాక్టరు పని ఆ బూజు ప్రోటీన్ల మీది చక్కెరలు. టీలో చక్కెర కాదు. ప్రోటీన్‌ను ఒక కొమ్మ అనుకుంటే, దానికి పట్టుకున్న చిన్న చిన్న రెమ్మలు. ఆ రెమ్మల కణుపులు రకరకాల చక్కెరలు. కణం తన ఒంటి బయట వాటిని తొడుక్కుని ఉంటుంది. ఆకలి మొదలైన పూట రెమ్మల ఆకారం ఒకటి. గుంపు కట్టాక కొన్ని పొట్టివవుతాయి, కొన్ని కొసన కొత్త చక్కెర తగిలించుకుంటాయి, కొన్ని అసలు కనిపించవు. అది తెలుసుకోవడానికి ఒక పదార్థం ఉండేది. మన తమ్మకాయకు చుట్టమైన ఒక గింజ నుంచి తీస్తారు. అది ఒక రకం చక్కెరకే పోయి అంటుకుంటుంది. బూజు ప్రోటీన్లను కాగితం మీదికి ఎక్కించి దాన్ని పోసి రంగు తేలిస్తే, ఆ చక్కెర ఉన్నచోట గోధుమరంగు గీత పడుతుంది. పూటపూటకూ గీతలు మారాలి. అదీ ప్రయోగం.

ఇదంతా నాకు తోచినట్టు చెప్పాను. విని, తన కోటు అంచు పట్టుకుని చూపించాడు. "అంటె అంగి మారుస్తయన్నట్టు. సైట్‌ల ఉన్నప్పుడు నాది పచ్చంగి, ఇప్పుడు నీలంగి. లోపలున్నది నేనే."

మర్నాడు టీ గ్లాసుతో మళ్ళీ వచ్చాడు. రాత్రంతా దాని మీదే ఉన్నట్టున్నాడు.

"సారూ, ఒక ముచ్చటడుగుత. అంగి మారినందుకు పని మారుతదా, పని మారినందుకు అంగి మారుతదా?"

"నీకెందుకయ్యా?"

"కాదు సారూ. నాకు ముందుగాల పని మారింది, అంగి ఎన్కసీరి ఇచ్చిన్రు. కని గేటుకాడ సెక్యూరిటోడు నా మొఖం సూడడు. నీలంగి సూసే లోపల్కి ఇడుస్తడు. మరి గీ బూజుల ఏది ముందు?"

"టీ తాగు, చల్లారిపోతుంది" అన్నాను.

గంట తిరక్కుండా డాక్టరు గదిలో ఉన్నాను. ఆ ప్రశ్ననే మంచి ఇంగ్లీషులోకి తిప్పి, మధ్యలో రెండు పెద్ద పదాలు గుచ్చి, కాస్త ఆలోచనగా కిటికీలోంచి చూస్తూ అడిగాను: చక్కెరలు మారడం వల్ల కణాలు కలుస్తున్నాయా, లేక కలిసిన తర్వాత చక్కెరలు మారుతున్నాయా? ఒకవేళ మారిన చక్కెరే ఒక కణాన్ని ఇంకో కణం లోపలికి రానిచ్చే గుర్తేమో? డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఆలోచిస్తున్నావన్నమాట" అన్నాడు. అవును సార్, అన్నాను.

ఆ ప్రశ్న చలవే, తర్వాతి పెద్ద ప్రయోగం పూర్తిగా నా చేతికిచ్చాడు. పైవారం ఆయన బయటదేశంలో ఒక సభకు వెళ్ళాలి, దాని ఫలితం పట్టుకుని.

శుక్రవారం మొదలుపెట్టాను. అక్కడ శుక్రవారం సెలవు. సీసాలాయనకు డ్యూటీ లేదు. రేకుల రూమ్‌లో ఉడికేకంటే ఇక్కడ చల్లగా ఉంటుందని వచ్చి, తనంతట తనే సీసాలు కడుగుతున్నాడు.

ఆ కణాలను తిండి రసంలో పెంచుతాం. ఆకలి మొదలవ్వాలంటే కణాలను కడగాలి, ఆ రసం పూర్తిగా పోవాలి. గిర్రున తిప్పే మిషన్‌లో వేసి కణాలను అడుక్కు దింపాలి, పైన రసం వంపేయాలి, ఉప్పునీళ్ళు పోయాలి, మళ్ళీ తిప్పాలి. మూడుసార్లు. ఆ రోజు మస్కట్ ఊళ్ళో, రువిలో, ఒక స్నేహితుడి ఇంట్లో మధ్యాహ్నం భోజనం. సూర్ రేవు నుంచి వంజరం చేప వచ్చింది. కారు పొద్దున తొమ్మిదింటికే బయల్దేరుతుంది. నేను ఒక్కసారే తిప్పాను. రసం కూడా సరిగ్గా వంపలేదు. పరీక్షకు కొన్ని కణాలు పక్కన తీసిపెట్టి, మిగిలినవి ప్లేట్లలో తడి కాగితం మీద పరిచేస్తున్నాను.

వెనక నుంచి గొంతు. "సారూ, ఒక్కటేసారి తిప్పిన్రు."

"చాల్లే."

"మూడుసార్లని మీరే జెప్తిరి."

"నువ్వు సీసాలు చూసుకోవయ్యా. ఇవి సీసాలు కావు."

"గట్లనే సారూ" అన్నాడు. కానీ చూపు మిషన్ మీది నుంచి తీయలేదు. చేతిలో ఫ్లాస్కు నిండి, నీళ్ళు వేళ్ళ మీదుగా కారిపోతున్నాయి. ఆయన నీళ్ళు వృథా చేయడం నేను చూసింది అప్పుడొక్కసారే.

చేప బాగుంది.

సాయంత్రం వచ్చి ఇంకొన్ని కణాలు తీశాను, శనివారం పొద్దున మరికొన్ని తీశాను. అప్పటికి ఆ కాగితం మీద గుండుసూదుల తోటలా సన్నటి కాడలు లేచి ఉండాలి. ఒక్కటీ లేవలేదు. గంజి చిందినట్టు చదునుగా ఉంది. సోమవారానికి గీతలు తేలాయి. మొదటి పూట, రెండో పూట, మూడో పూట, మూడూ ఒక్కలాగే. తిండి దొరుకుతున్న కణం అంగి ఎందుకు మారుస్తుంది?

డాక్టరు ఆ గీతల కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "ఏం జరిగింది?"

"నేను మూడుసార్లు కడిగాను సార్" అన్నాను. ఎన్నిసార్లని ఆయన అడగలేదు. ఆయన పోలీసు కాదు కాబట్టి నేను అక్కడే దొరకలేదు.

ఆ తర్వాత నా నోరు దానంతట అదే నడిచింది. ఆ క్లీనరు శుక్రవారం ఇక్కడే ఉన్నాడు సార్. ఈ జీవులు ఆకలితో ఉన్నాయంటే బాధపడుతుంటాడు. జాలిగుండె. తన చక్కెర ఏమైనా వేశాడేమో.

డాక్టరు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, పిలవమన్నాడు.

సీసాలాయన తడి చేతులు కోటుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. డాక్టరు ఇంగ్లీషులో, మెల్లగా, కోపం లేకుండా అడిగాడు: "నువ్వు ఆ ప్లేట్లలో ఏమైనా వేశావా? భయపడకు. నిజం చెప్పు."

నేను తెలుగులోకి మార్చాను. "శుక్రవారం ఇక్కడ ఉన్నావా అని అడుగుతున్నారు."

"ఔ సారూ, ఉన్న" అన్నాడు. డ్యూటీ లేని రోజు కూడా వచ్చినందుకు మెచ్చుకుంటున్నారనుకున్నాడు. డాక్టరు వైపు చూసి గట్టిగా తలూపాడు, నవ్వుతూ.

"వేశానంటున్నాడు సార్" అన్నాను.

డాక్టరు నిట్టూర్చాడు. "మంచి ఉద్దేశంతోనే చేశాడు. కానీ నా కణాలకు తిండి పెట్టే మనిషిని నేను ఇక్కడ ఉంచుకోలేను. ఇంకొకరిని పంపమని వాళ్ళ కంపెనీకి చెప్పు." నేనే ఫోన్ చేశాను.

మర్నాడు కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు, హైదరాబాద్ పాతబస్తీ ఆయన. "క్యా మిలాయా రే తూ? డాక్టర్ బోల్‌తా శక్కర్ డాలా!"

"నై సాబ్. కుచ్ నై డాలా. పిల్లల తోడు."

"అబ్ చల్, సామాన్ బాంధ్. ఇబ్రి మే సైట్ చాలూ హై." మూట కట్టుకో, ఎడారి అంచున ఇబ్రిలో కట్టడం పని నడుస్తోంది అని.

సీసాలాయన నా వైపు తిరిగాడు. "సారూ, గిదేంది?"

నేను తక్కెడలో ఏదో తూస్తున్నాను. అందులో ఏమీ లేదు. "డాక్టరుకు అలా అనిపించిందయ్యా. నేను ఎంతో చెప్పాను. వినలేదు."

కోటు చేతుల మడతలు సరిచేసుకున్నాడు. ఆ క్షణంలో 'ఒక్కటేసారి తిప్పిన్రు' అనే మాట ఆయన నోట్లో ఉందని నాకు తెలుసు. అనలేదు. నేను తన తరఫున మాట్లాడానని చెప్పాను కదా, అలాంటి మనిషిని ఇరికించడం మర్యాద కాదనుకుని ఉంటాడు.

"జర మల్లొక్కసారి జెప్పుండ్రి సారూ. ఇబ్రి అంటున్నరు. వచ్చేది జూన్. గా ఎండ నాకు పడది. మీకు ఎర్కనే గదా."

"రేపు చెబుతాను" అన్నాను.

ఆ రేపు డాక్టరు తన గదిలోనే ఉన్నాడు, తలుపు తీసే ఉంది. నేను ఆ తలుపు ముందు నుంచి నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ చేతిలో ఏదో ఒక కాగితం పట్టుకుని.

గురువారం కంపెనీ పికప్ వచ్చింది. పోయేముందు తొట్టిలో మిగిలిన ఫ్లాస్కులు కడిగి, లెక్క ప్రకారం, బోర్లించి, నీలం కోటు మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. "కొత్తోనికి జెప్పుండ్రి సారూ, డిస్టిల్డ్ నీళ్ళు మూడుసార్లు" అని ఎక్కాడు. వెనక తట్టలు, పారలు, వాటి మధ్య ఆయన.

ఆ తర్వాతి వారం అదే ప్రయోగం మళ్ళీ చేశాను. మూడుసార్లు తిప్పాను. నిజం చెబితే అయిదుసార్లు తిప్పాను. పూటపూటకూ గీతలు మారాయి. మొదటి పూట ముదురుగా ఉన్నవి పలచబడ్డాయి, లేనిచోట కొత్తవి పుట్టాయి. డాక్టరు అప్పటికే ఉత్త చేతులతో సభకు వెళ్ళాడు. తిరిగొచ్చి అవి చూసి నా భుజం తట్టాడు. తర్వాత వచ్చిన వ్యాసంలో నా పేరుంది. నేను రాసిన వ్యాసమని చెప్పుకుంటుంటాను. చివర, చిన్న అక్షరాల్లో, కృతజ్ఞతల్లో ఉంది. ఏది ముందు అన్న ప్రశ్న మాత్రం వ్యాసం మొదటి పేజీలోనే ఉంది.

నవ్వు కథ ఎప్పుడు మొదలైందో కూడా చెబుతాను. ఆ పికప్ వెళ్ళిన పదిహేను రోజులకు, రూమ్‌లో, పేకాట మధ్యలో. ఎవరో "మీ జగిత్యాలాయన కనబడట్లేదేం?" అన్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పాను. నవ్వారు. వాళ్ళు నవ్వేసరికి నా గుండె తేలికైంది. అదొక మందులా పనిచేసింది, ముప్ఫై ఏళ్ళు వాడాను.

మెసేజ్ వచ్చిన వారానికి బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఈ ఒక్కటీ పెంచి చెప్పడం లేదు, టికెట్ ఉంది. భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురికి నలభై ఉంటాయి. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని.

"నాన్ననే సదివిచ్చిండు సార్. ల్యాబు పని సల్లగుంటది బిడ్డా, ఎండ తాకది, గదే నేర్సుకో అన్నడు."

ఇబ్రిలో రెండో ఎండాకాలం పడిపోయాడని భార్య చెప్పింది. బతికాడు గానీ కుడిచెయ్యి సరిగ్గా లేవలేదు. "గలాస పట్టుకుంటె జారుతుండె సారూ. గలాస జారినప్పుడల్ల నవ్వుతుండె. గంత పెద్ద పెద్ద సీసలు కడిగిన చెయ్యి గిదేనా అని."

ఇంక ఆగలేదు నేను. కూతురి వైపు చూసి చెప్పాను, బస్సులో మూడు గంటలు పేర్చుకున్న మాటలు. "అమ్మా, ఆ తప్పు మీ నాన్నది కాదు. ఆయన ఏమీ వేయలేదు. కణాలను నేనే సరిగ్గా కడగలేదు. డాక్టరు ముందు మీ నాన్న మాటను మార్చి చెప్పింది కూడా నేనే."

ల్యాబులో పనిచేసే పిల్ల. కడగకపోతే ఏమవుతుందో నేను విడమరచి చెప్పక్కర్లేదు. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా.

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"మీరు గిట్లనే అంటరు సార్. నాన్న జెప్తనే ఉండె. సారు నా కోసం డాక్టరుతోని మస్తు కొట్లాడిండు, ఆయన ఇనలేదు, సారు తప్పేం లేదు అని. పోయినోళ్ళ మీద మాట ఉండొద్దని మీరు మీదేస్కుంటున్నరు. గింత దూరం ఎవలొస్తరు సార్?"

కాదమ్మా అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఈలోపు ఆమె తల్లిని కూడా లేపి, నా కాళ్ళకు దండం పెట్టడానికి వంగింది.

నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.